పదిహేనో రోజున బండి ఎక్కడుంటుంది?

మా ఓనరు ఆ మాట అన్నది 2023 జూలైలో. చెన్నై శివారు కారనోడై యార్డులో బండికి వెనక టైర్లు మారుస్తున్నారు, నేను స్టెప్నీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. "ఏమప్పా, నెలలో పదిహేను రోజులు నువ్వు తోలు. మిగతా పదిహేను ఇంకో మనిషి తోలతాడు. బండి ఆగదు, నువ్వు ఇంటిపట్టున ఉంటావు. ఏమంటావు?" అన్నాడు. పంతొమ్మిదేళ్ళ నుంచి లారీ తోలుతున్నాను. ఇంటికి పొమ్మన్న ఓనర్లను చూశాను గానీ, ఇంట్లో ఉండమన్న ఓనరును చూడలేదు. అందుకని సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది.

అనుమానం ఊరికే పోలేదు. బండి కొత్తది, కిస్తీలు నడుస్తున్నాయి. అంతకు ముందు నెల నాకు టైఫాయిడ్ వచ్చి తొమ్మిది రోజులు మంచం పట్టాను. అన్ని రోజులూ బండి యార్డులోనే ఉంది. కిస్తీకి టైఫాయిడ్ రాదు కదా. ఒక్క డ్రైవరునే నమ్ముకుంటే ఇంతేనని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. అంటే ఈ ఆలోచన నా కోసం కాదు, బండి కోసం. అయినా అందులో నాకూ ఏమైనా దక్కుతుందేమో చూద్దామనుకున్నా.

మాది చెన్నై–కోల్‌కతా రూటు. 16వ నంబరు జాతీయ రహదారి మీద 1,650 కిలోమీటర్ల పైచిలుకు. పోవడానికి నాలుగు రోజులు, కోల్‌కతా పక్కన ధూలాగఢ్‌లో లోడు దింపి తిరుగు లోడు దొరికే దాకా రెండు మూడు రోజులు, రావడానికి నాలుగు, ఇక్కడ దింపుకోవడానికి ఒకటి. మొత్తం పదకొండు, పన్నెండు రోజులు. మధ్యలో ఒక రాత్రి మణలిలో మా ఇంట్లో పడుకుంటే మళ్ళీ లోడు. రెండు నెలలకో మారు, పండగో పెళ్ళో వస్తే, ఐదు రోజులు సెలవు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి స్కూలు డైరీలో నా సంతకం ఒక్కటీ లేదు. ఒకసారి పెడదామని పెన్ను తీస్తే, "వద్దు నాన్నా, టీచరు వేరే సంతకం అనుకుంటుంది" అంది.

ఇంటికెళ్ళి చెప్పాను. మా ఆవిడ చదివింది పదో తరగతే గానీ లెక్కలో నాకంటే గట్టిది. దోసెపిండి అమ్మిన పద్దు రాసుకునే నోటుబుక్కు తీసి కూర్చుంది. పాత పద్ధతిలో జీతం 18,000, రోడ్డు మీద ఉన్న రోజుకు బత్తా 500. నెలకు ఇరవై ఆరు రోజులు బండి మీదుంటే బత్తా 13,000. మొత్తం 31,000. దారిలో నా తిండికీ టీలకూ స్నానాలకూ రోజుకు 250 చొప్పున 6,500 తీసేస్తే ఇంటికి చేరేది 24,500. ఓనరు చెప్పిన పదిహేను–పదిహేనులో జీతం 11,000, బత్తా 600 చొప్పున 9,000, తిండి ఖర్చు 3,750. చేతికి 16,250. తేడా 8,250. "నువ్వు పదిహేను రోజులు ఇంట్లో ఉన్నందుకు నెలకు ఎనిమిది వేలు కట్టాలన్నమాట" అంది. నవ్వుతూనే అంది గానీ, పేజీ మూయలేదు. ఇరవై రోజులు తోలి పది రోజులు దిగితే ఎంతో కూడా వేసింది. జీతం 14,000, బత్తా 550 చొప్పున అడిగితే చేతికి 20,000. ఆ అంకె చుట్టూ గీత గీసింది.

డబ్బు కాకుండా ఇంకో లెక్క నాకు ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) డిస్పెన్సరీ దగ్గర తోటి డ్రైవరు చెప్పాడు. జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం ఇచ్చే సౌకర్యం ఉంది కదా, దానికి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానో, అక్టోబరు నుంచి మార్చి దాకానో, ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. దిగిన రోజులకు జీతం లేదంటే చందా కూడా లేదు. నెలకు పదిహేను చొప్పున ఆరు నెలలకు 90 రోజులు. పన్నెండు రోజులే మిగులు. లోడు దొరక్క ఒకసారి, పెళ్ళికని ఒకసారి ఆగామా, ఆ మిగులు కరిగిపోతుంది. మా జూలై చర్చల్లో ఓనరుకు గానీ నాకు గానీ తట్టని సంగతి ఇది. దిగిన రోజులకు ఎంతో కొంత జీతం కింద రాయమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. ఆయన మూడు వారాలు నానబెట్టి, చివరికి ఆ 11,000నే ముప్పై రోజులకూ సర్ది రాయడానికి ఒప్పుకున్నాడు.

మా పెద్దమ్మ కొడుకు ఓఎన్‌జీసీలో, సముద్రంలో రిగ్గు మీద పని. పద్నాలుగు రోజులు డ్యూటీ, పద్నాలుగు రోజులు ఇల్లు. ఫోను చేసి అడిగితే, "బ్రహ్మాండంగా ఉంటుందిరా, ఒప్పుకో" అన్నాడు. నేనూ అదే ఊపులో ఒప్పుకున్నాను. నాలుగు నెలలు చూద్దామన్నాడు ఓనరు. రెండో మనిషి కావలి కుర్రాడు. డ్రైవర్లలో పేర్లు తక్కువ, ఊర్లే ఎక్కువ. నేనతనికి మణలి అన్న, అతను నాకు కావలి తమ్ముడు.

ఆగస్టులో మొదటిసారి దిగాను. మూడు రోజులు నిద్ర. అదీ పగలు. రాత్రి రెండింటికి కళ్ళు టార్చిలైట్ల లాగా తెరుచుకునేవి. ఒంటికి అది టంగుటూరు టోల్‌గేటు దాటే వేళ. నాలుగో రోజుకు మనిషినయ్యాను. అమ్మాయిని స్కూల్లో దింపాను, గ్యాసు పొయ్యి బాగు చేశాను, మిక్సీ వైరు మార్చాను. ఏడో రోజు ఎదురింటి పెద్దాయన మెల్లగా పక్కకు పిలిచి, "ఏం బాబూ, పని పోయిందా?" అని అడిగాడు. పట్టపగలు లుంగీతో గుమ్మంలో కూర్చున్న డ్రైవరును చూసి మా వీధిలో ఎవరికైనా వచ్చే అనుమానమే అది. పదో రోజుకు మా ఆవిడకూ నాకూ టీవీ సౌండు దగ్గర తగాదా. తను పొద్దున నాలుగింటికి లేచి పిండి రుబ్బుకునే మనిషి, ఆ ఇంటికి తన టైం టేబులు ఉంది. అందులో నేను పదిహేను రోజులకొకసారి వచ్చి దిగే చుట్టాన్ని.

పదకొండో రోజు నుంచి ఇంకో సమస్య. చేతిలో డబ్బు అయిపోతుంది, పని లేదు, ఫోను మోగుతుంది. చెన్నైలో యాక్టింగ్ డ్రైవరంటే, అంటే రోజు లెక్కన ఇంకొకరి బండి తోలేవాడంటే, ఎప్పుడూ గిరాకీనే. కారు తోలి పెట్టు, తిరుపతికి ఒక ట్రిప్పు, రేపటికల్లా వచ్చేస్తావు, రోజుకు వెయ్యి. నేను వెళ్ళాను. దాచుకోవడం ఎందుకు, నాలుగు నెలల్లో ఏడెనిమిది సార్లు వెళ్ళాను. కావలి తమ్ముడు వాళ్ళ ఊళ్ళో ట్రాక్టరు తోలాడు. ఓనరుకు తెలుసు, తెలియనట్టే ఉన్నాడు. కాగితం మీద విశ్రాంతి పదిహేను రోజులు. నిజంగా ఒళ్ళు వాల్చింది ఎనిమిదో తొమ్మిదో. చేతికొచ్చే డబ్బు తగ్గించి సెలవిస్తే ఆ సెలవును మళ్ళీ పనే తినేస్తుంది. మా ఆవిడ గీత గీసిన 20,000 అంకె నాకు అప్పుడు అర్థమైంది.

ఇక బండెక్కిన పదిహేను రోజుల సంగతి. మేం ఈ లెక్కలు వేసుకుంటున్న నాటికి అమల్లో ఉన్నది 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48. దూరపు రూట్లకు అనుమతి ఉంటే 10 గంటలు, వారానికి 54. ఐదు గంటలు తోలాక అరగంట ఆగాలి, ఒక రోజు పనికీ మరుసటి రోజు పనికీ మధ్య తొమ్మిది గంటలు ఎడం ఉండాలి. రోడ్డు మీద దాన్ని పాటించిన బండిని నేను చూడలేదు, నేనూ పాటించలేదు. కానీ పాత పద్ధతిలో కనీసం నా ఇష్టానికి ఆగేవాడిని. తునిలోనో రాజమండ్రిలోనో ఒళ్ళు పట్టేస్తే పూట పడుకునేవాడిని. కొత్త పద్ధతిలో ఓనరు నోటికి ఒక మాట దొరికింది. "పదిహేను రోజులు ఇంట్లో పడుకుంటావు కదప్పా, ఈ పదిహేను కాస్త లాగు." ఫాస్టాగ్ మెసేజీలు ఆయన ఫోనుకే పోతాయి. నల్లూరు, సూళ్ళూరుపేట, బూదనం, వెంకటాచలం... ఏ టోల్‌గేటు ఎన్నింటికి దాటానో ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. ముసునూరు మెసేజి ఆలస్యమైతే ఫోను.

ఇంట్లో ఎక్కువ రోజులుంటే రోడ్డు మీద భద్రంగా ఉంటాం అనుకుంటాం. నాకు దీనికి తలకిందులుగా జరిగింది. మూడోసారి బండెక్కిన మొదటి రాత్రే. పదిహేను రోజులు ఇంట్లో రాత్రిపూట పడుకోవడం మళ్ళీ అలవాటు చేసుకున్న ఒళ్ళు. సాయంత్రం లోడు కట్టుకుని బయలుదేరాను, నాయుడుపేటలో భోంచేశాను. రెండున్నరకు ఒంగోలు దాటాక ఒక నిమిషం ఏమైందో నాకు తెలియదు. రోడ్డు అంచున గరుకు గీత మీద టైరు గర్రుమన్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎడమ పక్క ముందు చక్రం గీత దాటి ఉంది. బండి ఆపి దిగి, టైరుకు తల ఆనించి చాలాసేపు నిలబడ్డాను. నెలంతా రోడ్డు మీదే ఉన్న రోజుల్లో ఒళ్ళు అలిసేది గానీ, రాత్రిని మర్చిపోయేది కాదు. ఆ తర్వాత నుంచి మొదటి రెండు రోజులు అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా స్టీరింగు ముట్టను. సాయంత్రం లోడు కట్టినా సరే, తెల్లారుజామునే బయలుదేరతాను. ఓనరు సణిగాడు, సణగనీ.

బండి అప్పగింత గురించి ఒక మాట చెప్పాలి. పంతొమ్మిదేళ్ళలో క్యాబిన్ అంటే నా గది. దేవుడి పటం, పక్క, చిన్న స్టవ్వు, ఉసిరికాయ పచ్చడి సీసా. ఇప్పుడది ఇద్దరి గది. కావలి తమ్ముడు మంచివాడే, కానీ సీటు ముందుకు జరుపుకుంటాడు, అద్దాలు తిప్పుతాడు, అన్నిటికీ మించి పచ్చడి అయిపోగొడతాడు. అది నవ్వుకుని వదిలేసే సంగతి. వదలలేనిది డబ్బు. డీజిలు ఆవరేజి బాగుంటే ఇచ్చే బోనసు ఎవరిది? స్పీడు చలాను నెల తర్వాత వస్తే ఆ తేదీన బండి మీద ఎవరున్నారు? టైరు పక్కన కోత ఎవరి చేతిలో పడింది? రెండుసార్లు మాట మాట అనుకున్నాక, దిగేవాడు ఎక్కేవాడి ముందే బండి చుట్టూ తిరిగి ఫోనులో వీడియో తీయడం, కిలోమీటర్ల రీడింగు, డీజిలు ముల్లు, ఆడ్‌బ్లూ (పొగ శుద్ధికి పోసే ద్రవం) ముల్లు ఫొటో తీయడం మొదలుపెట్టాం. ఐదు నిమిషాల పని. దానితో సగం తగాదాలు పోయాయి.

మిగిలిన సగం, అసలు తగాదా, తేదీ దగ్గర. మా ట్రిప్పు పన్నెండు రోజులు, వంతు పదిహేను రోజులు. పన్నెండో రోజు నేను చెన్నైలో ఉంటాను, ఇంకో మూడు రోజులు నా వంతే. మూడు రోజుల్లో కోల్‌కతా పోయి రాలేను. లోడెత్తుకుని బయలుదేరితే పదిహేనో రోజు నాటికి అనకాపల్లి దాటి ఉంటాను. అక్కడ బండి అప్పగించి నేను బస్సులో మణలికి రావాలి, అతను కావలి నుంచి అక్కడికి రావాలి. ఆ ప్రయాణం రోజు ఎవరిది? ఆ టికెట్టు ఎవరు కొనాలి? మా అన్న రిగ్గు గుర్తొచ్చింది. రిగ్గు ఉన్నచోటే ఉంటుంది, పద్నాలుగో రోజున హెలికాప్టరు మనుషుల్ని మారుస్తుంది. మా రిగ్గుకు పది చక్రాలున్నాయి. ఫోనులో బ్రహ్మాండం అన్నప్పుడు ఆయనకూ ఇది తట్టలేదు, నాకూ తట్టలేదు.

మధ్యలో మార్చుకోవడం కాగితాల పరంగా కష్టం కాదు. సరుకుతో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లులో ఉండేది బండి నంబరు, డ్రైవరు పేరు కాదు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున మా రూటుకు తొమ్మిది రోజుల గడువు, అదీ చాలు. గుర్‌గావ్‌లో 2014లో మొదలైన రివిగో అనే లారీ కంపెనీ ఈ సూత్రాన్నే పెద్ద ఎత్తున నడిపింది. ఒక్కో డ్రైవరు నాలుగైదు గంటలు తోలి బండిని పిట్‌స్టాపులో, అంటే దారిలో డ్రైవర్లు మారే చోట, తర్వాతి మనిషికి అప్పగించేవాడు, ఎదురొచ్చే బండి తీసుకుని అదే రోజు ఇంటికి చేరేవాడు. వినడానికి స్వర్గమే. కానీ దానికి దారి పొడుగునా మనుషులు కావాలి, రెండు వైపులా ఆగకుండా బండ్లు తిరగాలి. మా ఓనరుకున్నవి ఐదు బండ్లు.

డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. నేను నవంబరు 19న ఎక్కాను, డిసెంబరు 3తో నా పదిహేను అయిపోవాలి. ధూలాగఢ్‌లో అన్‌లోడుకే నాలుగు రోజులు పట్టి, 3వ తేదీకి ఇంకా విశాఖ దిగువన ఉన్నాను. 4, 5 తేదీలు చిలకలూరిపేట దగ్గర పెట్రోలు బంకులో బండి కింద నీళ్ళు పారుతుంటే కూర్చున్నాను. 5న అది బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రోజే చెన్నైని ముంచేసింది. మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు. కరెంటు లేదు, మా ఆవిడ ఫోను రోజున్నర పలకలేదు. తనూ అమ్మాయీ కలిసి ఫ్రిజ్జును ఇటుకల మీదికి ఎత్తి, గ్రైండరు మోటారు విప్పి అటక మీద పెట్టారని తర్వాత తెలిసింది. క్యాలెండరు ప్రకారం నేను ఇంట్లో ఉండాల్సిన రోజులవి.

చెన్నై చేరింది 7న. పందొమ్మిది రోజులు తోలాను. ఆ నాలుగు రోజులు నా సెలవుకు కలపమన్నాను. కావలి తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నా, ఆరో తేదీన మా ఊరి బైపాస్ మీదుగానే పోయావు కదా. బండి ఇచ్చి ఉంటే నేను తెచ్చేవాణ్ణి. నీ ఇంటికి నువ్వు వెళ్ళిన రోజును కూడా డ్యూటీ అంటావా?" అన్నాడు. రైళ్ళు రద్దయ్యాయి, అక్కడ దిగి నేనెట్లా రావాలి అని నేను. ఇంటి నుంచి యార్డుకు నేను వచ్చే రోజును నువ్వెప్పుడైనా నాకు లెక్కేశావా అని అతను. ఇద్దరిదీ న్యాయమే. ఓనరు మధ్యలో కూర్చుని చెవి గీక్కున్నాడు.

ఆ రాత్రి తడిసిన మంచం ఆరబెట్టి నేల మీద కూర్చున్నప్పుడు మా ఆవిడే అంది. "తేదీలు లెక్కపెడితే ఎప్పుడూ ఇంతేనయ్యా. నువ్వేమైనా బ్యాంకులో పనిచేస్తున్నావా? ట్రిప్పులు లెక్కపెట్టుకోండి." పిండి వ్యాపారంలో తను రోజులు లెక్కపెట్టదు, గిన్నెలు లెక్కపెడుతుంది.

ట్రిప్పుల లెక్క అంటే, బండి యార్డులోంచి బయలుదేరి మళ్ళీ యార్డుకు వస్తే ఒకటి. పది రోజులు పట్టినా, తుపానులో పదిహేను పట్టినా ఒకటే. ఇద్దరం ఒక ట్రిప్పు విడిచి ఒక ట్రిప్పు తోలితే డబ్బు మళ్ళీ ఆ 16,000 దగ్గరే ఆగుతుంది. అందుకని రెండు బండ్లకు ముగ్గురం అని అడిగాం. ఒక్కొక్కరూ రెండు ట్రిప్పులు తోలి ఒక ట్రిప్పు దిగాలి. దాదాపు ఇరవై మూడు రోజులు రోడ్డు, పదకొండు పన్నెండు రోజులు ఇల్లు. ఓనరుకు రెండు బండ్ల మీద ఒక్క మనిషే అదనం. బండ్లూ ఆగవు. ట్రిప్పుకు బత్తాతో కలిపి 12,000, దిగిన ట్రిప్పుకు 4,000, అదీ జీతం కిందే రాయాలి. తిండి ఖర్చు పోను నెలకు దాదాపు 19,000 పడుతుంది. పాతదానికంటే ఐదున్నర వేలు తక్కువ. దిగిన రోజుల్లో నేను మోపెడ్ మీద పిండి వేసివస్తే కొత్తగా పద్దెనిమిది ఇళ్ళు కలిశాయి కాబట్టి సగం పూడుతోంది. తిరుపతి ట్రిప్పులు మానేశాను, నెలకొకటి తప్ప. అబద్ధం ఎందుకు.

మూడో మనిషి శ్రీకాకుళం నుంచి వచ్చాడు, 2024 సంక్రాంతి అయ్యాక మొదలైంది. అతనికి ఇది అంత బాగా కుదరలేదు. దిగిన పదకొండు రోజుల్లో రానూ పోనూ రెండు రోజులు రైల్లోనే పోతాయి. చెన్నై వస్తూ వాళ్ళ ఊరు దగ్గర బండి ఆపుకుని ఒక పూట ఇంట్లో ఉండొచ్చని ఓనరు చేత ఒప్పించాం. ఎక్కడో ఉన్న ఊరికి పోయొచ్చేవాళ్ళకు పన్నెండు రోజుల కంటే పొడుగు సెలవే మేలని నాకిప్పుడు అనిపిస్తుంది. యార్డుకు ముప్పావుగంట దూరంలో ఉండే నాకు అంత పొడుగు అక్కర్లేదు, పదో రోజుకే టీవీ సౌండు తగాదా మొదలవుతుంది.

ఇది రాస్తున్నది దిగిన ట్రిప్పులో, తొమ్మిదో రోజు. పొద్దున శ్రీకాకుళం అన్న ఫోను చేశాడు. "తమ్ముడూ, ధూలాగఢ్‌లో లైను పెద్దగా ఉంది, రేపు గానీ దిగదు లోడు." సరేనన్నాను. లోపలి నుంచి మా ఆవిడ, "ఏమంట?" అంది. ఇంకో రోజు ఇంట్లోనే అన్నాను. "అయితే మాధవరం వైపు నాలుగు కిలోల ఆర్డరుంది, ఎనిమిదింటిలోగా ఇచ్చిరా" అంది.